అరువు కన్నీళ్ళు

వేలాపురిని చూడాలంటే సముద్రం మీంచే చూడాలని నావికులు చెబుతారు. ముందుగా కంటికి ఆనేది లవణేశ్వరస్వామి ఆలయగోపురం. ఎండ పడితే దాని బంగారు కలశాలు ఆమడదూరానికి మెరుస్తాయి. ఆ తరువాత రాజుగారి కోట, దాని ఎర్రరాతి బురుజులు, బురుజుల మీద నోళ్ళు తెరుచుకున్న ఫిరంగులు. ఈ రెంటికీ దిగువన, రేవును ఆనుకుని, నల్లపెంకుల కప్పుతో చతికిలబడ్డట్టు ఒక సావడి. అది పురపెద్దల సావడి. చూపుకు ఏమంత గొప్పగా ఉండదు గానీ నగరద్వారం తాళంచెవి ఉండేది అందులోనే. కత్తి రాజుది, గంట మఠానిది, తాళం ఊరిది అని వేలాపురిలో పిల్లలకు ఉగ్గుపాలతోనే నూరిపోస్తారు. ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. అయినా ఏ ఒక్కరూ మిగతా ఇద్దరినీ మింగలేక, ఊరు ఎలాగో బతికిపోతూ వచ్చింది.

ఆ ఉదయం వేలాపురి యువరాజు మణికేతు తన నగరాన్ని ఆ సముద్రం మీంచే చూశాడు. కిరీటం లేదు, కవచం లేదు. మొలకు గోచీ, తలకు చింకిపాగా, చేతిలో తెడ్డు. వెనక చుక్కాని పట్టుకుని కూర్చున్నది అంకాలి. ముత్యాల కోసం సముద్రం అడుగుకు దిగే జాలరిపిల్ల ఆమె. నీళ్ళలో ఉన్నంతసేపూ నోరు మూసుకుని ఉండవలసి రావడం వల్ల కాబోలు, పైకి తేలాక ఇక మూయదు.

గోపురం మీద గంట మోగుతోంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య చాలా ఎడం ఉంది.

"ఏటి దొరా ఆ గంట? పెళ్ళిగంట నాగ నేదు," అంది అంకాలి.

ఎదురొచ్చిన ఉప్పుపడవ వాళ్ళు సంగతి చెప్పారు. "మహారాజుగారు పోయారు తల్లీ. ధర్మకేతు ప్రభువు. భోంచేసి చెయ్యి కడుక్కుంటూ అలాగే ఒరిగిపోయారంట. ఇవాళ మధ్యాహ్నం కంటితడి. తమ్ముడుగారు రణకేతు ప్రభువు ఏడవబోతున్నారు."

మణికేతు తెడ్డు వేస్తూనే ఉన్నాడు. తండ్రి పోయాడన్న మాట చెవిలోకి వెళ్ళింది, లోపల ఎక్కడా తగల్లేదు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలిని గిల్లితే ఎలా ఉంటుందో అలా ఉంది. గిల్లుతున్న సంగతి తెలుస్తుంది, కాలు మాత్రం తనది కాదు.

"దొరా," అంది అంకాలి మెల్లగా. "మీ నాయినగారేనా?"

"ఆయనే. ఎడమపక్క రాళ్ళున్నాయి, చుక్కాని తిప్పు."

అంకాలి చుక్కాని తిప్పింది. 

యువరాజు ఇలా అయిపోవడానికి కారణం ఎండినబావుల దీవిలో జరిగిన బేరం. సముద్రదొంగల జాడ తీసి రమ్మని పినతండ్రి రణకేతు అతణ్ణి జాలరివేషంలో, అంకాలి పడవలో పంపించాడు. ఆ దారిలో అంకాలిని ఇసుకపాము కాటేసింది. కాటుకు విరుగుడు ఎరిగినవాడు ఆ దీవిని ఏలే మాంత్రికుడు శోషణుడొక్కడే. వాడు బంగారం అడగలేదు, రాజ్యం అడగలేదు. "నీ ఏడుపు నాకిచ్చెయ్యి," అన్నాడు. "ఇప్పుడున్నదీ, ఇకముందు రాబోయేదీ మొత్తం. రాజకుమారుడివి, నీకెందుకయ్యా ఏడుపు? ఒక్క షరతు. ఆ నీళ్ళలో ఒక్క బొట్టు మళ్ళీ నీ కంటగానీ నోటగానీ పడిందా, ఈ పిల్ల ఊపిరి వచ్చి నా సీసాలో కూర్చుంటుంది." అంకాలి అప్పటికే నురగలు కక్కుతోంది. ఆ మాటలేవీ ఆమె వినలేదు. మణికేతు సరేనన్నాడు, పైగా చవకలో బయటపడ్డాననుకున్నాడు. మరే దేశపు రాజకుమారుడికైనా అది చవకబేరమే. వేలాపురి యువరాజుకు మాత్రం అది కొంప ముంచే బేరం. అంతటి మనిషికి ఆ సంగతి తట్టకపోవడానికి కారణం ఒక్కటే: తండ్రి ఏనుగులా ఉన్నాడు, ఇప్పట్లో ఆయన కోసం ఏడవవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

వేలాపురిలో రాజు పోతే వారసుడు కత్తి పట్టుకుని వచ్చినా చెల్లదు, మఠం గంట కొట్టినా చెల్లదు. నగరద్వారం ముందున్న తడిరాతి మీద కూర్చుని, ఊరందరూ చూస్తుండగా పోయినవాడి కోసం ఏడవాలి. పురపెద్ద ఆ కన్నీళ్ళను కంచుగిన్నెలో పట్టించి, వాటితో తాళంచెవిని తడిపి, వారసుడి చేతిలో పెడతారు. పూర్వం ఒక యువరాజు తండ్రి శవాన్ని ఇంట్లో ఉంచుకునే విందు చేసుకుని, మర్నాడే ఉప్పు మీద పన్ను పెంచాడట. కన్నతండ్రికి ఏడవనివాడు ఊరి కష్టానికి ఏడుస్తాడా అని జనం తలుపులు మూసేశారు. కన్ను తడిస్తేనే తాళం తిరుగుతుందన్న మాట అప్పుడు పుట్టింది.

రేవు ముఖద్వారంలో రణకేతు సైనికులు యువరాజు కోసం ప్రతి పడవనూ ఆపుతున్నారు. మణికేతు తెడ్డు వదిలి ఎండుచేపల గంపల కింద దూరాడు. అంకాలి గంపలమీద చాప కప్పి, దానిమీద తాను కూర్చుని, సైనికుడు నోరు తెరవకముందే తాను తెరిచింది.

"రాజుగారు పోనారు, రేవు పాడైపోనాది, సేపలు కుళ్ళిపోతన్నాయి, నువ్వొకడివి బల్లెం అట్టుకుని తయారు! ఎతుకు బాబూ ఎతుకు, కంపు నీకే."

సైనికుడు ముక్కు మూసుకుని బల్లెం గంపలోకి పొడిచాడు. మొన మణికేతు భుజంలో దిగింది. నొప్పి తెలిసింది, అలాంటి పోటుకు ఎంత వీరుడికైనా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అతడికి తిరగలేదు. చప్పుడు చెయ్యకుండా చేపల వాసన పీలుస్తూ పడుకున్నాడు. బల్లెం ఎర్రగా బయటికి వచ్చింది.

"రక్తమేంటే?"

"పచ్చి సొరసేప బాబూ, అడుగున ఉంది. కావాలా, ఓ ముక్క కోసియ్యనా?"

సైనికుడు బల్లెం నీళ్ళలో కడుక్కుని, పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ రోజు వేలాపురిలోకి అడుగు పెట్టిన యువరాజుకు దక్కిన రాజలాంఛనం అదే.

సావడిలో పురపెద్ద నాగరసమ్మ ఒక్కతే ఉంది. ఉప్పుమళ్ళ వాళ్ళకూ, పడవల వాళ్ళకూ, నేతగాళ్ళకూ అందరికీ పెద్ద ఆమె; తల వెండిలా నెరిసింది గానీ చూపు చెక్కు చెదరలేదు. చేపలకంపుతో లోపలికి వచ్చిన జాలరిని ఆమె ముందు కసిరింది, తరువాత ముఖం చూసింది, ఆ తరువాత గోడ పట్టుకుని నిలబడింది.

"వచ్చావా బాబూ! ఊరిని బతికించావు," అంది. భుజానికి గుడ్డ కడుతూ గబగబా చెప్పుకొచ్చింది. రణకేతుకూ మఠాధిపతి జ్ఞానశిఖర స్వాములవారికీ పొత్తు కుదిరింది. రణకేతు రాజైతే తాళంచెవి మఠానికి పోతుంది. సావడి పడగొట్టి అక్కడ స్వామివారికి రథశాల కడతారు. "ఇంక కొట్టేవాళ్ళూ వాళ్ళే, కొట్టాక దేవుడితో చెప్పుకోమనేవాళ్ళూ వాళ్ళే. మా గోడు వినేవాడు ఉండడు. దీనికి అడ్డు నువ్వొక్కడివే. కొడుకు ఏడిస్తే తమ్ముడి ఏడుపు చెల్లదు. వచ్చి ఆ రాతి మీద కూర్చుని ఒక్క బొట్టు కార్చు నాయనా, చాలు."

"నేను ఏడవలేను, పెద్దమ్మా."

"జనంలో సిగ్గనిపిస్తుందా? మీ నాన్నకూ అనిపించింది. కూర్చున్నాక అదే వస్తుంది."

"సిగ్గు కాదు. నా దగ్గర లేదు. ఇచ్చేశాను."

నాగరసమ్మకు అర్థం కాలేదు. అతడి వెనకే వచ్చిన అంకాలికేసి చూసింది.

"నన్నేటి సూత్తావు ముసిలమ్మా? ఆ దీవి కాడ్నించీ ఇంతే. నవ్వు నేదు, ఏడుపు నేదు, తిట్టినా పలకడు. ఏటిచ్చినాడో, ఎవులికిచ్చినాడో నాకు సెప్పడు."

చెబితే అంకాలి ఏం చేస్తుందో మణికేతుకు తెలుసు. ఆ పిల్లకు ఒకరి సొమ్ము మీద బతికే అలవాటు లేదు.

నాగరసమ్మ నిట్టూర్చింది. "వారసుడినని రాతి మీద కూర్చుని ఏడవలేకపోతే, తెడ్డు లేని పడవలో పెట్టి సముద్రంలోకి తోసేస్తారు. ఆ కట్టుబాటు మేం పెట్టుకున్నదే, మేం తప్పిస్తే ఇంక అది కట్టుబాటు కాదు. సరే, నువ్వు కూర్చోకు. కానీ ఒకటి చెప్పు. అన్నగారి పేరెత్తితేనే పళ్ళు నూరేవాడు కదా మీ చిన్నాన్న. వాడు మాత్రం ఎలా ఏడుస్తాడు?"

అది మణికేతుకూ తెలియలేదు. చూస్తేగానీ తెలియదు కాబట్టి చూడ్డానికి ఒక వేషం దొరికింది. కంచుగిన్నె పట్టుకునేవాడి ముఖం మీద తెల్లగుడ్డ కప్పుతారు. రాజు ఏడుపును దగ్గర నుంచి చూసిన ముఖం ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని ఆచారం. మధ్యాహ్నం తాళంచెవి పట్టుకుని నాగరసమ్మ ముందు నడిచింది. తన తండ్రి కోసం మరొకడు కార్చబోయే కన్నీళ్ళకు గిన్నె పట్టుకుని మణికేతు వెనక నడిచాడు.

నగరద్వారం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. కోటగోడ మీద బల్లేలు, మఠం వైపు కాషాయగొడుగులు, సావడి వైపు ఉప్పుమళ్ళ వాళ్ళూ పడవల వాళ్ళూ, రేవుమెట్ల మీద చేపల బుట్టలతో జాలరి ఆడవాళ్ళు. అంకాలి వాళ్ళ మధ్య దూరి నిలబడింది. శంఖాలు ఊదారు. పట్టుపల్లకి దిగి రణకేతు వచ్చాడు. నెరిసిన మీసం, దున్నపోతు మెడ, వేళ్ళకు ఉంగరాలు. ఆచారం ప్రకారం అతడి చేతులు మజ్జిగతో కడిగించి నాగరసమ్మ వాసన చూసింది. పూర్వం ఒక మహానుభావుడు ఉల్లిపాయ నలుపుకుని వచ్చాడట, అప్పటినుంచి ఈ ఏర్పాటు. చేతులు శుభ్రంగా ఉన్నాయి.

రణకేతు తడిరాతి మీద కూర్చున్నాడు. స్వాములవారు గంట కొట్టించారు. రణకేతు కళ్ళు మూసి తెరిచాడు, అంతే. ఊట తవ్వినట్టు నీళ్ళు ఉబికాయి. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. మీసం తడిసింది, అంగీ తడిసింది, గిన్నె అడుగున నీళ్ళు చేరాయి.

"నాయనా!" అని గొంతెత్తాడు. "నన్ను వదిలి పోయావా నాయనా!"

పోయినవాడు అన్న, ఏడ్చేవాడు తమ్ముడు. "అన్నా" అనవలసిన చోట "నాయనా" అన్నాడు. కానీ జనం దానికి మరింత కరిగిపోయారు. అన్నను తండ్రిలా చూసుకున్నాడమ్మా అని ఒకామె కళ్ళు తుడుచుకుంది. దెబ్బ తగిలినవాడు ఎవడైనా ఓరి నాయనో అనే కదా అరిచేది అని ఒకాయన సర్దిచెప్పాడు.

తెల్లగుడ్డ వెనక మణికేతు కదల్లేదు. ఆ గొంతు చిన్నాన్నదే, ఆ ఏడుపు మాత్రం తనదని అతడికి తెలుసు. శోషణుడు సరుకు అమ్ముకున్నాడన్నమాట, కొన్నవాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"పెద్దమ్మా," అన్నాడు ఆమెకు మాత్రమే వినబడేలా, సరుకు పేర్లు చదివేవాడి గొంతుతో. "ఇప్పుడు ఏనుగంటాడు చూడండి."

"ఏ ఏనుగు?"

"ఏనుగు మీద," అని అప్పుడే మొదలుపెట్టాడు రణకేతు, "ఏనుగు మీద నీ ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పావే నాయనా!"

నాగరసమ్మ రణకేతుకేసి చూసి, మళ్ళీ తెల్లగుడ్డ వైపు చూసింది.

"తరువాత ఫిరంగులు," అన్నాడు మణికేతు. "ఊరేగింపులో ఫిరంగులు పేలితే నాకు భయం. నాన్న రెండు చేతులతో నా చెవులు మూసేవాడు. ఆయన అరచేతులు కర్పూరం వాసన వేసేవి."

"ఫిరంగులు పేలితే ఇంక నా చెవులెవరు మూస్తారు నాయనా! కర్పూరం చేతులు, నా తండ్రి కర్పూరం చేతులు!" నెరిసిన మీసాల రణకేతు తన రెండు చెవులూ తానే మూసుకుని, పసివాడిలా ముందుకూ వెనక్కూ ఊగాడు. "గువ్వా అని నన్నెవరు పిలుస్తారు?"

ఆ పేరు ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు పోయారు. గువ్వా అన్న పిలుపు మణికేతు చెవిన పడింది, కర్పూరం వాసన గుర్తొచ్చింది, గుర్తొచ్చి ఊరుకుంది. తన దుఃఖం ఎదురుగా కూర్చుని గుండెలు బాదుకుంటోంది. తాను దానికి గిన్నె పట్టుకుని, ఒక్క బొట్టు ఒలకకుండా జాగ్రత్త పడుతున్నాడు.

రణకేతు ఆపాలనుకున్నాడు. అరువు సొమ్ములు బరువుచేటని ఊరికే అనలేదు. ఆ నీళ్ళు అతడి చేతిలో లేవు. మహారాజు కోసం ఏడుపు అయిపోయాక మణికేతు చిన్నప్పుడు పోయిన తల్లి వచ్చింది, తల్లి అయిపోయాక గుర్రం తొక్కి చంపిన కుక్కపిల్ల వచ్చింది. "దూదీ! నా దూదీ!" అని రణకేతు తల బాదుకుంటుంటే జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నాగరసమ్మ గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చాలించండి ప్రభూ. మీకూ మీ అన్నగారికీ రెండేళ్ళు ఎడం. ఏ అన్న తన తమ్ముణ్ణి ఏనుగు మీద ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు? కళ్ళు తమరివే, నీళ్ళు మాత్రం తమరివి కావు. ఈ నీళ్ళతో నేను తాళం తడపను."

స్వాములవారు దండం నేలకు తాటించారు.

"నాగరసమ్మా, శాస్త్రం కన్ను తడవాలన్నది, తడిసింది. ఎవరి నీరని శాస్త్రం అడగలేదు. తాళం తడుపు."

"శాస్త్రం అడక్కపోతే ఊరు అడుగుతుంది స్వామీ. తలుపు ఊరిది."

"పట్టుకోండి దాన్ని!" అని అరిచాడు రణకేతు. అరుస్తూనే వెక్కాడు. "తల నరకండి... అయ్యో నా తల్లీ... నరకండి వెంటనే!"

సైనికులు దూకారు. మొదటి కత్తి నాగరసమ్మ మీదికి లేచింది. మణికేతు ఎడమచేత్తో గిన్నె పట్టుకునే కుడిచేత్తో ఆ సైనికుడి మణికట్టు మెలిపెట్టి కత్తి లాక్కున్నాడు. రెండోవాణ్ణి తన్ని తడిరాతి మీదికి తోశాడు. మూడోవాడి బల్లెం విరిచాడు. ఆ ఊపుకు ముఖం మీది తెల్లగుడ్డ జారిపోయింది.

"చినరాజు! మా చినరాజు!" జనం హోరెత్తారు. ఉప్పుమళ్ళ వాళ్ళు పారలెత్తారు, పడవల వాళ్ళు తెడ్లెత్తారు. సైనికులు ఆగిపోయారు. ఇంకొక్క క్షణంలో వేలాపురి అతడిదే అయ్యేది.

స్వాములవారు చెయ్యెత్తారు. మఠాన్ని అన్నేళ్ళు ఏలినవాడు ఊరికే ఏలలేదు.

"కుమారుడు వచ్చాడు, సంతోషం. కాదన్నదెవరు? తండ్రికి కొడుకే ఏడవాలి. ఏడువు నాయనా, ఊరు చూస్తోంది. ఒక్క బొట్టు."

హోరు అణిగింది. వేలమంది మణికేతు కళ్ళలోకి చూశారు. అతడు కూడా ప్రయత్నించాడు. తండ్రి ముఖం తలుచుకున్నాడు, అరచేతులు తలుచుకున్నాడు, గువ్వా అని తనలో తానే పిలుచుకున్నాడు. కళ్ళు ఎండిన బావుల్లా అలాగే ఉన్నాయి. ముందువరసలో ఎత్తిన తెడ్లు ఒక్కొక్కటే దిగడం అతడు చూశాడు.

రేవుమెట్ల మీంచి అంకాలి కేక పెట్టింది. "ఓరి నా పిచ్చి దొరా! ఆ గిన్నెలోయి నీయే కదా! నీ నీళ్ళు నువ్వు తాగేయి! తాగి ఏడిసెయ్యి!"

నాగరసమ్మ తలెత్తింది. "తాగు బాబూ. నీవైతే నీకే వస్తాయి," అంది ఆశగా.

మణికేతు గిన్నె పెదవుల దాకా ఎత్తాడు. ఉప్పువాసన తగిలింది. తాగితే రాజ్యం దక్కుతుంది, సావడి నిలుస్తుంది, తండ్రికి ఏడ్చే కొడుకు ఉంటాడు. మెట్ల మీద అంకాలి నిలబడి ఉంది. ఎండకు కళ్ళు చికిలించి, గొంతునరాలు పొంగేలా అరుస్తూ, అతడు బాగుపడాలని తన చావును తానే తాగమంటోంది. మనసేమైనా చెబుతుందేమోనని ఒక్క క్షణం ఆగి చూశాడు. అది ఏమీ చెప్పలేదు. జాలి లేదు, ప్రేమ లేదు, భయం లేదు. ఆ పిల్ల బతకాలని ఒకప్పుడు తాను అనుకున్నట్టు మాత్రం గుర్తుంది. ఆ గుర్తునే పట్టుకుని గిన్నె తిప్పి, నీళ్ళన్నీ రేవులోకి పారబోశాడు.

జనం గొంతులోంచి వచ్చిన శబ్దం అతడు మునుపెన్నడూ విననిది. తండ్రి కోసం కార్చిన కన్నీళ్ళు పారబోశాడన్నారు. రాతిమనిషి అన్నారు. ఒక ఉప్పుమళ్ళ ముసలాయన, చిన్నప్పుడు అతణ్ణి భుజాన మోసినవాడే, నేల మీద ఉమ్మేశాడు.

"తెడ్డు లేని పడవ!" అన్నారు స్వాములవారు తాపీగా. "ఇక తాళం ఇలా ఇవ్వు నాగరసమ్మా."

నాగరసమ్మ మణికేతుకేసి చూసింది. ఆమెకు ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో తెలియదు. అతడి చూపు మెట్ల మీద ఎవరి మీద ఆగిందో మాత్రం ఆమె గమనించింది. ముసలిచేత్తో తాళంచెవిని గిరగిరా తిప్పి, దూరంగా సముద్రంలోకి విసిరేసింది.

"సొంతంగా ఏడ్చేవాడు వచ్చేదాకా ఈ ఊరికి తాళం లేదు!" అంది. "అంగళ్ళు మూసెయ్యండర్రా! ఉప్పు తూచకండి, పడవ విప్పకండి!"

ఆమె మాట పూర్తి కాకముందే సైనికులు ఆమె చేతులు విరిచి కట్టారు. మణికేతు అడ్డం వచ్చిన ఇద్దరిని నరికి ఆమెవైపు ఒక్క అడుగు వేశాడు, "నా దగ్గరికి కాదు, తాళం దగ్గరికి పో!" అని ఆమె అరిచింది. కోటగోడ మీంచి బాణాలు కురుస్తున్నాయి. అంకాలి అప్పటికే నీళ్ళలో దూకేసింది. అతడూ దూకాడు.

మణికేతు పడవ ఎక్కాక వెనక్కి చూస్తే రేవు పొడవునా అంగళ్ళ తలుపులు మూసుకుంటున్న చప్పుడు ఒకదాని వెంట ఒకటి వినిపించింది. అంకాలి తాళంచెవిని పళ్ళ మధ్య కరుచుకుని పైకి తేలింది, పడవ అంచు పట్టుకుని ఎక్కింది, తాళాన్ని ఒళ్ళో పడేసి తెడ్డు అందుకుంది. ఆమె బుగ్గల మీద సముద్రపునీరు కానిది కూడా కారుతోంది.

"తండ్రి పోతే ఏడవనేదు. ఆ ముసిలిదాన్ని కట్టేత్తే ఏడవనేదు. నోటి కాడి కన్నీళ్ళు పారబోసినావు. నీది మనిసి పుటకేనా దొరా? నీకోసం నానేడవాలా?" తెడ్డుతో నీళ్ళను కొట్టినట్టు కొట్టింది. "నీకేటీ అనిపించనేదా?"

"లేదు."

"అబద్దమైనా సెప్పొచ్చు కదా!"

"గొలుసు ఎత్తుతున్నారు. తొందరగా వెయ్యి," అన్నాడు మణికేతు. రేవు ముఖద్వారంలో చక్రాలు కిర్రుమంటున్నాయి. రెండు బురుజుల మధ్య నీళ్ళ అడుగున పడి ఉండే ఇనపగొలుసు మెల్లగా పైకి లేస్తోంది. అది లేచేలోగా దాటితే బయటిసముద్రం, దాటకపోతే చిన్నాన్న కత్తి. వెనక యుద్ధపడవలు కదిలాయి. ఇద్దరూ ప్రాణాలు తెడ్డుమీద పెట్టి వేశారు.

గొలుసు సరిగ్గా పడవ అడుగు గీసుకుంటుండగా దాటారు. దాటిన చోట ఒక చిన్న పడవ నిలిచి ఉంది. దానికి తెరచాప లేదు, తెడ్డు లేదు, దాని చెక్క మీద తడి కూడా లేదు. అందులో శోషణుడు కాళ్ళు మడిచి కూర్చుని, ఒళ్ళో సీసాలు పేర్చుకుని, మెడలో వేలాడుతున్న ఖాళీసీసాను వేలితో మీటుతున్నాడు.

"రాజకుమారా, అమ్మింది ఒక్క సీసాయే," అన్నాడు స్నేహంగా. "నీవి ఇంకా చాలా ఉన్నాయి. చూశావా, నీ ఊరివాళ్ళు ఎంత ముచ్చటపడ్డారో. ఇమ్మంటావా ఒకటి?"

"అక్కర్లేదు."

"అవున్లే. తాగితే ఏమవుతుందో నీకు తెలుసు." మాంత్రికుడు మెడ వంచి అతడి వెనకున్న అంకాలికేసి చూశాడు. "మరి ఆ పిల్లకు తెలుసా?"

అంకాలి తెడ్డు నీళ్ళలో సగానికి దిగి ఆగిపోయింది.

"నాకేటి తెలియాల దొరా?"

వెనక రేవు గొలుసు మళ్ళీ దిగుతున్న చప్పుడు వినిపించింది. యుద్ధపడవలకు దారి ఇస్తున్నారు.

"తెడ్డు వెయ్యి అంకాలీ," అన్నాడు మణికేతు.

ఆమె వెయ్యలేదు.